కోర్టు విడిచి కుంచె పట్టిన బాపి బావ

మచిలీపట్నం: అడివి బాపిరాజు పేరు చెబితే చదువుకున్నవారికి 'నారాయణరావు' గుర్తుకు వస్తుంది, 'హిమబిందు' గుర్తుకు వస్తుంది. 'గోన గన్నారెడ్డి'ని అట్ట ఊడిపోయేదాకా చేతులు మార్చుకుని చదివినవారు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. కాని ఆయన బొమ్మలు వేసే మనిషి అనీ, పట్టా పుచ్చుకున్న ప్లీడరు అయి ఉండి కూడా కుంచె పట్టుకున్నారనీ, ఆ విద్యలో ఆయనకు చేయి తిరిగింది మన బందరులోనేననీ తెలిసినవారు తక్కువ.

ఆయన బి.ఏ. చదివిన కాలేజీలో చిత్రలేఖనం పరీక్షకు పెట్టే పాఠం కాదు. మద్రాసులో చదివిన బి.ఎల్.లో దాని ఊసే ఉండదు. అంటే ఆయన చదువు అంతా ఒక దారిలో పోయింది, బొమ్మలు మరో దారిలో వచ్చాయి. క్లాసు వదిలాక, కోర్టు వదిలాక, జైలు వదిలాక మిగిలిన వేళల్లో పట్టుకున్న విద్య అది. మన ఊళ్ళలో పిల్లవాడు పలక మీద ఎక్కాలు మాని ఏనుగు బొమ్మ వేస్తే వీపు మీద ఒకటి పడుతుంది. బళ్ళో డ్రాయింగు పీరియడు ఉంటే అది లెక్కల మాస్టారికి అప్పు పోతుంది. అలాంటి చోట బాపిరాజు జీవితం చెప్పుకోదగ్గది.

బాపిరాజు 1895 అక్టోబరు 8న భీమవరంలో జన్మించారు. అప్పటికి అది గోదావరి జిల్లా. 1904లో భీమవరం తాలూకాను కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకా రైతు భూమి దావా పడితే జిల్లా కోర్టుకు బందరు రావలసిందే. బాపిరాజు బాల్యం, యౌవనం గడిచింది ఆ రోజుల్లోనే. కనుక ఆయనను మావాడు అనుకోవడానికి భీమవరం వారితో పాటు బందరు వారికీ హక్కు ఉంది.

రాజమండ్రిలో దొర గారు

భీమవరంలో బడి చదువు ముగించి బాపిరాజు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర. 1909 నుంచి 1919 వరకు సుమారు పదేళ్ళు ఆ కాలేజీని నడిపారు. ఆయన ఉద్యోగం వేరు, ఆయన ప్రాణం వేరు. కవిత్వం రాసేవారు, నీటి రంగులతో చిత్రాలు వేసేవారు. గోదావరి గట్టు, పడవలు, గుడులు, సంతలు ఆయనకు విసుగు లేని వస్తువులు. ఇంగ్లండు తిరిగి వెళ్ళాక ఈ దేశపు జ్ఞాపకాలతో ఒక పుస్తకం రాసి 1924లో ప్రచురించారు కూడా.

ఆ రోజుల్లో దొర అంటే విద్యార్థులు ఆమడ దూరంలో నిలబడేవారు. ఈ దొర మాత్రం బొమ్మల మీద, రాతల మీద మోజు ఉన్న కుర్రవాళ్ళను దగ్గరకు తీశారు. ఇది కాలేజీ పాఠం కాదు, దీనికి మార్కులు లేవు, హాజరు పట్టీ లేదు. ఆ గుంపులోనే దామెర్ల రామారావు ఉన్నారు, కవికొండల వెంకటరావు ఉన్నారు, మన బాపిరాజు ఉన్నారు.

రామారావు సంగతి ఇక్కడ నాలుగు మాటలు చెప్పాలి. ఆయన బాపిరాజు కంటే సుమారు ఏడాదిన్నర చిన్న. చిన్ననాటి నుంచీ బొమ్మల పిచ్చి. కూల్డ్రే ఆ పిచ్చిని గుర్తించి, కుర్రవాణ్ణి అజంతా, ఎల్లోరాలు చూపించి, చివరకు బొంబాయి జె.జె. కళాశాలకు పంపించారు. 1916లో అక్కడ చేరి, చదువు పూర్తి చేసుకుని వచ్చి, రాజమండ్రిలో చిత్రకళా పాఠశాల పెట్టిన రామారావు 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి చనిపోయారు. అప్పటికి 28 ఏళ్ళు నిండలేదు. ఆయన చిత్రాలను రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో చూడవచ్చు. అటువైపు ఏ పుష్కరాలకో పెళ్ళికో వెళ్ళేవారు ఒక గంట తీరిక చేసుకుని చూసి రావలసినవి.

ఒకే గురువు దగ్గర కూర్చున్న ఇద్దరిలో ఒకరు బొమ్మల బడికి వెళ్ళారు. రెండో ఆయనకు ఆ దారి పడలేదు. బాపిరాజు బి.ఏ. పూర్తి చేసి, మద్రాసు వెళ్ళి లా చదివారు. కాని రాజమండ్రిలో అంటిన రంగు చేతికి అలాగే ఉండిపోయింది.

ప్లీడరు పని, జైలు

లా చదివి వచ్చిన బాపిరాజు కొంతకాలం న్యాయవాద వృత్తి చేశారు. డెల్టాలో ప్లీడరు అంటే మాటలు కాదు. పొలం గట్టు తగాదాలు, కాలువ నీటి తగాదాలు, జమీందారీ శిస్తు తగాదాలు, దత్తత దావాలు. కక్షిదారులకు కొదవ లేదు. నోరూ ఓపికా ఉన్న ప్లీడరు పదేళ్ళలో మేడ కట్టేవాడు. బాపిరాజు ఆ మేడ కట్టలేదు. ఊళ్ళో నలుగురూ ఏమని ఉంటారో ఊహించడం మనకు కష్టం కాదు.

అంతలో గాంధీజీ సహాయ నిరాకరణ వచ్చింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగి డెల్టా అంతా కదిలిపోయిన కాలం అది. ప్లీడర్లు కోర్టులు వదిలారు, విద్యార్థులు బడులు వదిలారు. బాపిరాజు కూడా ఉద్యమంలో దిగి 1922లో ఒక ఏడాది జైలు శిక్ష అనుభవించారు. ఆ జైలు అనుభవాలు తరువాత 'తొలకరి' నవలలోకి వచ్చాయి.

బందరులో బొమ్మల బడి

బందరు ఆంధ్ర జాతీయ కళాశాల కథ మన జిల్లా వారికి కొత్త కాదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ముగ్గురూ పూనుకుని 1910లో దాన్ని నిలబెట్టారు. గుమాస్తాలను తయారు చేసే చదువు కాకుండా చేతికి పని నేర్పే చదువు కావాలన్నది వారి పట్టుదల. అందుకే అక్కడ పుస్తకాల చదువుతో పాటు వడ్రంగం, నేత, యంత్రాల పని నేర్పేవారు. ఆ వరుసలోనే చిత్రకళ కూడా చేరింది. హనుమంతరావు తన సంపాదన, ఆరోగ్యం దానికే ధారపోసి 1922లో కన్నుమూశారు.

ఆ కళాశాలలో చిత్రకళ నేర్పడానికి 1920ల తొలినాళ్ళలో బెంగాలు నుంచి ప్రమోద్ కుమార్ చటర్జీ వచ్చారు. అవనీంద్రనాథ టాగూరు కలకత్తాలో లేవదీసిన కొత్త చిత్రకళా పద్ధతి ఆయన వెంట బందరు చేరింది. గుర్రం మల్లయ్య, కవుతా రామమోహనశాస్త్రి వంటివారు ఆయన శిష్యులై తరువాత పేరు తెచ్చుకున్నారు. ఆ శిష్యులలోనే బాపిరాజు ఒకరు. పాతికేళ్ళు దాటిన మనిషి, బి.ఏ. బి.ఎల్., గీత ఎలా గీయాలో నేర్చుకోవడానికి మళ్ళీ శిష్యుడై కూర్చున్నారు. ఈ వ్యాసం రాసేవాడికి బాపిరాజు జీవితంలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే. మన దగ్గర పట్టా చేతికి వచ్చిన మనిషి ఇంకొకరి ముందు తెలియదు అని కూర్చోవడం ఎంత అరుదో అందరికీ తెలుసు.

ఆ పద్ధతి ఏమిటో కొంచెం విడమరచి చెప్పాలి. అప్పటి సర్కారు కళాశాలల్లో, మద్రాసులో గాని బొంబాయిలో గాని, బొమ్మల చదువు అంటే సున్నపు అచ్చులు ముందు పెట్టి ఉన్నది ఉన్నట్టు దించడం. ముక్కు ఎంత, చెవి ఎంత, నీడ ఎటు పడింది, ఇదే లెక్క. డ్రాయింగు మాస్టారు ఉద్యోగం కావాలంటే లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసు కావాలి. బెంగాలు వారు అలా వద్దన్నారు. చెట్టును చూడు, ఇంటికి వచ్చి కళ్ళు మూసుకో, మనసులో మిగిలిన చెట్టును గీయి, ఇదీ వారి దారి. అజంతా గోడల మీది గీతను, మొగలు చిత్రాల నాజూకును మళ్ళీ చేతికి తెచ్చుకోవాలన్నది వారి తాపత్రయం.

రంగు వేయడం కూడా వేరు. దాన్ని వాష్ పద్ధతి అంటారు. 1903లో కలకత్తా వచ్చిన తైకాన్, షున్సో అనే జపాను చిత్రకారుల పని చూసి అవనీంద్రనాథులు దీన్ని తయారు చేసుకున్నారు. ముందు కాగితం మీద సన్నటి గీతతో బొమ్మ వేస్తారు. పల్చటి నీటి రంగు పూసి ఆరనిస్తారు. ఆరాక బొమ్మను మొత్తంగా నీళ్ళలో ముంచుతారు, లేదా వెడల్పాటి తడి కుంచెతో కాగితం అంతా తడుపుతారు. పైపైన ఉన్న రంగు కొట్టుకుపోయి, కాగితం పీల్చుకున్నది మాత్రం నిలుస్తుంది. మళ్ళీ రంగు, మళ్ళీ ఆరబెట్టడం, మళ్ళీ నీళ్ళు. ఇలా ఎన్నో తడవలు. చివరకు బొమ్మ మీద తెల్లవారుజాము మంచు పట్టినట్టు ఒక మెత్తదనం వస్తుంది. తొందరపడే చేతికి ఇది లొంగదు.

బందరు, పెడన ప్రాంతం వారికి ఈ సంగతి వింటే వెంటనే కలంకారీ గుర్తుకు రావాలి. బట్టను కరక్కాయ, గేదె పాలలో నానబెట్టి ఆరవేయడం, అచ్చు కొట్టడం, రంగులో ఉడకబెట్టడం, పారే నీటిలో జాడించడం, మళ్ళీ ఎండకు వేయడం. అక్కడ బట్ట, ఇక్కడ కాగితం. నీళ్ళలో ముంచితే రంగు పోదు, నిలవవలసిన రంగు తేలుతుంది అని బందరు కాలువ గట్టు మీద రంగు పనివారికి బెంగాలు వారు చెప్పక్కర లేదు.

బాపిరాజు చిత్రాలు ఈ దారిలో నడిచినవే. పురాణ పురుషులు, దేవతలు, నాట్యం, సంగీతం ఆయనకు ఇష్టమైన వస్తువులు. 'శబ్దబ్రహ్మ', 'భాగవత పురుషుడు', 'ఆనంద తాండవం' ఆయన చిత్రాలలో పేరు పొందినవి. శశికళ అనే ఊహాసుందరి మీద పాటలు కట్టుకున్నదీ ఆయనే. స్నేహితులకు ఆయన బాపిరాజు కాదు, బాపి బావ. సరదా మనిషి, పాట పాడే మనిషి, నలుగురిని పోగు చేసుకునే మనిషి. ఆంధ్రదేశంలో కవులలో చిత్రకారుడు, చిత్రకారులలో కవి అంటే ముందు తట్టే పేరు ఆయనదే.

శిష్యుడు కూర్చున్న చోటే ప్రిన్సిపాలు

1934లో బాపిరాజు అదే జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చారు. 1939 వరకు ఉన్నారు. ప్రమోద్ కుమార్ చటర్జీ ముందు శిష్యుడై కూర్చున్న ఆవరణలోనే పెద్ద కుర్చీ వేశారన్నమాట. విశ్వనాథ సత్యనారాయణ కూడా అంతకు ముందు కొంతకాలం ఆ కళాశాలలో పని చేసినవారే. 1934 లోనే ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ 'వేయిపడగలు', బాపిరాజు 'నారాయణరావు' రెండూ కలిసి బహుమతి పంచుకున్నాయి. ఆ బహుమతితో బాపిరాజు నవలాకారుడిగా ఊరూరా తెలిశారు. చిత్రకారుడు ఆ పేరు వెనుక కొంచెం మరుగున పడ్డాడు.

నిజానికి ఆ నవలల్లోనూ చేయి చిత్రకారుడిదే. 'హిమబిందు' కథ జరిగేది మన కృష్ణ ఒడ్డున, శాతవాహనుల నాటి ధాన్యకటకంలో. అంటే నేటి అమరావతి, ధరణికోట. కథానాయకుడు సువర్ణశ్రీ రాజూ కాదు, సేనాపతి కొడుకూ కాదు. శిల్పి ధర్మనంది కొడుకు, తనూ శిల్పి. అమరావతి స్తూపం రాళ్ళు అప్పటికే చాలావరకు మద్రాసు మ్యూజియానికీ, లండనుకూ తరలిపోయాయి. ఆ రాళ్ళ మీద ఉన్న జడలు, హారాలు, కడియాలు, రథాలు, తోరణాలు బాపిరాజు పుటల్లో మళ్ళీ కదులుతాయి. కొన్నిచోట్ల కథ ఆగిపోయి నగల వర్ణన పేజీల కొద్దీ సాగుతుంది. చదివేవారికి ఓపిక నశించేది అక్కడే. కాని అవి బొమ్మ గీసే మనిషి ఆగిన చోట్లని తెలిస్తే చదువు తీరు మారుతుంది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల కాలం మీద రాసిన 'అడివి శాంతిశ్రీ' కూడా అంతే.

మధ్యలో సినిమాలు వచ్చాయి. 1936లో సి. పుల్లయ్య తీసిన 'అనసూయ', 'ధ్రువ విజయం' చిత్రాలకు ఆయన కళా దర్శకులు. తెర మీద ఆశ్రమం ఎలా ఉండాలి, మునిపత్ని ఏ చీర కట్టాలి, ఇవన్నీ అప్పుడప్పుడే నేర్చుకుంటున్న రోజులవి. తరువాత 1944 నుంచి 1947 వరకు హైదరాబాదులో 'మీజాన్' తెలుగు దినపత్రికకు సంపాదకులుగా పని చేశారు. నైజాం గడ్డ మీద ఉద్రిక్తత రోజు రోజుకూ పెరుగుతున్న కాలం అది. సంపాదకుడి బల్ల మీద తీరిక ఎంత ఉంటుందో పత్రికల్లో పని చేసేవారికి తెలుసు.

గుంటూరులో చిత్రకళకు ఒక సంఘం పెట్టి ఎందరో యువకులకు బొమ్మలు నేర్పారు. కూల్డ్రే దొర రాజమండ్రిలో తమకు చేసిన పనినే ఆయన గుంటూరు కుర్రవాళ్ళకు చేశారని చెప్పవచ్చు.

వకాల్తా, నవల, సినిమా, పత్రిక, కాలేజీ అని ఇన్ని పడవల్లో కాలు పెట్టకుండా కుంచె ఒక్కటే పట్టుకుని ఉంటే బాపిరాజు ఇంకా పెద్ద చిత్రకారుడు అయ్యేవారని కొందరు అంటారు. అందులో నిజం లేకపోలేదు. బొమ్మకు ఆయన ఇచ్చింది మిగిలిన వేళలు. రామారావు తన చిన్న జీవితం అంతా చిత్రానికే ఇచ్చి అన్ని చిత్రాలు వదిలి వెళ్ళారు. అయితే బాపిరాజుకు చిత్రం కూడు పెట్టే రోజులు కావు అవి. జమీందారు కొనాలి, లేదా ప్రదర్శనలో ఎవరో దొర కొనాలి. పల్లెల్లో బొమ్మకు గిరాకీ అంటే గుడి గోపురానికి రంగు, నాటకం తెర, పెళ్ళివారి గోడ మీద అరటిచెట్టు. ఇంటి ఖర్చు నడవాలంటే మరో పని తప్పదు. ఆ మరో పనుల మధ్యన కూడా కుంచె ఆరిపోకుండా చూసుకున్నారన్నదే ఇక్కడ లెక్క.

సింహళం బొమ్మలు

దానికి సాక్ష్యం ఆయన చివరి రోజులలోనే ఉంది. 1951లో మద్రాసు ప్రభుత్వం ఆయనకు ఒక పని అప్పగించింది. సింహళంలో సిగిరియా అనే పెద్ద బండకొండ ఉంది. అయిదో శతాబ్దంలో కాశ్యపుడు అనే రాజు ఆ కొండ మీద కోట కట్టుకున్నాడు. కొండ నిట్రపు గోడలో, నేలకు చాలా ఎత్తున, గూడులాంటి చోట అప్పటి చిత్రకారులు స్త్రీల బొమ్మలు వేశారు. నడుము దాకా మబ్బుల్లో మునిగి, చేతుల్లో పూలతో ఉన్న ఆ స్త్రీలు అజంతా బొమ్మలకు చెల్లెళ్ళలా ఉంటారు. వాటికి ప్రతికృతులు వేసి ఇవ్వడం బాపిరాజు పని.

ప్రతికృతి అంటే చాలామందికి చిన్నచూపు. ఇంకొకరి బొమ్మకు నకలు తీయడం ఏముంది అనుకుంటారు. గోడ బొమ్మకు నకలు తీయడం ఎంత కష్టమో తీసినవారికి తెలుస్తుంది. గోడ చదునుగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. రంగు కొంత రాలిపోయి ఉంటుంది, కొంత మాసి ఉంటుంది. ఉన్న రంగు ఏది, కాలం తెచ్చిన మరక ఏది అని తేల్చుకోవాలి. పదిహేను వందల ఏళ్ళ కిందటి మనిషి ఒక్క ఊపులో లాగిన గీతను తన చేత్తో మళ్ళీ అదే ఊపులో లాగాలి. తన తెలివి, తన అలవాటు అందులో కలపకూడదు. పేరు మోసిన నవలాకారుడు, మాజీ ప్రిన్సిపాలు, మాజీ సంపాదకుడు 55 ఏళ్ళు దాటాక పేరు తెలియని ఒక సింహళ చిత్రకారుడి గీత వెంట మళ్ళీ శిష్యుడిలా నడిచారు. పని పూర్తి చేసి ఇచ్చారు.

ఆయన వేసిన 'శబ్దబ్రహ్మ' సముద్రాలు దాటి డెన్మార్కు ప్రదర్శనశాలకు చేరింది. 'భాగవత పురుషుడు', 'ఆనంద తాండవం' తిరువాన్కూరు మ్యూజియానికి వెళ్ళాయి. నవలలు మాత్రం మన గ్రంథాలయాల్లో చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి.

1952 సెప్టెంబరు 22న బాపిరాజు మద్రాసులో మరణించారు. అప్పటికి ఆయనకు 57 నిండడానికి పదహారు రోజులు తక్కువ. సింహళం బొమ్మల పని చేసి ఇచ్చి రెండేళ్ళయినా కాలేదు.